పాత కంప్యూటరు ఏల మేల్కొనదు?

బావి మీద మోటారు తిరుగనప్పుడు కరీంనగరు ప్రాంతపు రైతు ఏమి చేయునో మన విద్యార్థులలో చాలమంది ఇంటివద్దనే చూచియుందురు. అతడు మొదటనే మోటారును నీటిలోనుండి పైకి లాగడు. టెస్టరు చేతబట్టి మూడు ఫేజులును వచ్చుచున్నవా లేదా అని చూచును. పిదప ఫ్యూజులు, ఆ పిదప స్టార్టరు చూచును. తీగ ఎక్కడనైన తెగినదేమోయని దాని వెంట నడచును. ఇవన్నియు సరిగా నున్నప్పుడే మోటారును అనుమానించును. ఏలయన, ఫ్యూజు చూచుటకు ఖర్చు లేదు; మోటారు పైకి తీయుటకు మనుషులు కావలెను, డబ్బు కావలెను. సిరిసిల్లలో సాంచా నిలిచిపోయినప్పుడు నేతపనివాడును ఇట్లే చేయును. మగ్గమును విప్పబోడు, తెగిన పోగు కొరకు వెదకును.

ఆ రైతు బిడ్డ, ఆ నేతపనివాని బిడ్డ చదువు పాఠశాలలో కంప్యూటరు బటను నొక్కగా తెర వెలుగనప్పుడు మాత్రము, "కాలిపోయినది" అను ఒక్క మాటతో దానిని మూలకు చేర్చుట పరిపాటి యైనది. ఈ తీర్పు చాలసార్లు తొందరపాటు. చచ్చినదనుకొన్న యంత్రములో చెడినది తరచుగా ఒక చిన్న భాగమే. ఒక్కొక్కప్పుడు ఏదియు చెడియుండదు.

దీనివలన నష్టపోవునది ఎవరో చూడుడు. 2008లో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 5,000 ఉన్నత పాఠశాలలలో కంప్యూటరు విద్యను ప్రవేశపెట్టినది. సంస్థలతో చేసికొనిన ఐదేండ్ల ఒప్పందము 2013లో ముగియగా యంత్రములు పాఠశాలలకు మిగిలినవి. వాటిని చూచుకొను మనుషులు పలుచోట్ల మిగులలేదు. ఆ పథకములో ఒక కంప్యూటరు పెట్టెకు పలు తెరలను, కీబోర్డులను తగిలించి నడపు పద్ధతిని విరివిగా వాడిరి. అట్టిచోట ఒక పెట్టె లేవకపోయినచో ఒక్క బల్ల కాదు, ఒక వరుస వరుసయే చీకటి యగును. పైగా 2020 మార్చి నుండి 2021 సెప్టెంబరు వరకు, నడుమ కొద్ది వారములు తప్ప, బడులు మూతపడినవి. నడచుచున్న యంత్రములు కూడ అప్పుడు ఏడాదిన్నర కాలము మూలబడినవి. 2016 అక్టోబరులో పాత కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాలు విడిపోయి జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల, నిర్మల్, మంచిర్యాల, ఆసిఫాబాదు మున్నగు కొత్త జిల్లాలైనవి గాని, ఆ ప్రాంతపు ఎండ, దుమ్ము, పత్తి నూగు, చలి మాత్రము మారలేదు. యంత్రములు చెడుటలో వీటి పాత్ర చిన్నది కాదు. కాబట్టి ఆ సంగతిని కొంత వివరముగా చూతము.

ముందుగా యంత్రము ఎట్లు మేల్కొనునో తెలిసికొనవలెను. ఇది తెలిసినచో ఎక్కడ ఆగినదో కనిపెట్టుట సులభము.

గోడలోని ప్లగ్గునుండి వచ్చునది 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తు. పెట్టె వెనుక భాగమున ఫ్యాను గల ఒక లోహపు డబ్బా ఉండును, దీనిని ఎస్.ఎం.పి.ఎస్. అందురు. ఇది ఆ విద్యుత్తును 12, 5, 3.3 వోల్టుల ఏకముఖ విద్యుత్తుగా మార్చును. మనము బటను నొక్కకముందే, ప్లగ్గు పెట్టిన తోడనే, ఇది ఒక సన్నని 5 వోల్టుల ప్రవాహమును మదర్‌బోర్డునకు పంపుచుండును. ఇంట అందరు నిద్రించుచుండగా గుమ్మమువద్ద మెలకువగా నుండు కావలివాని వంటిది ఈ ప్రవాహము. బటను నొక్కుటయన విద్యుత్తును నేరుగా కలుపుట కాదు. ఈ కావలివానికి కబురు చెప్పుట మాత్రమే. అప్పుడు ఎస్.ఎం.పి.ఎస్. పూర్తిగా పనిచేయ నారంభించి, వోల్టేజీలన్నియు నిలకడపడిన పిదప, అనగా సెకనులో పదవవంతు మొదలు సగము వరకు గడచిన పిదప, "అంతయు సరిగానున్నది" అని ఒక సంకేతమును పంపును. ఆ సంకేతము వచ్చువరకు ప్రాసెసరు కదలదు.

సంకేతము అందగానే ప్రాసెసరు ఒక నిర్ణీతమైన చిరునామాకు పోయి అక్కడ వ్రాసియున్న ఆజ్ఞను చదువును. ప్రతిసారియు అదే చిరునామా. ఇక్కడ ఒక చిక్కు గలదు. విండోస్ వంటి నిర్వహణ వ్యవస్థ హార్డు డిస్కులో నుండును. డిస్కును చదువుటకు ఒక ప్రోగ్రాము కావలెను. ప్రోగ్రామేమో డిస్కులో నున్నది! పిచ్చి కుదిరితేగాని పెండ్లి కాదు, పెండ్లి అయితేగాని పిచ్చి కుదరదు అను సామెత ఇట్టిదే. విద్యుత్తు పోయినను చెరగిపోని ఒక చిన్న చిప్పులో మొదటి ఆజ్ఞలను వ్రాసియుంచుటచే ఈ చిక్కు తీరినది. ఆ చిప్పులోని ప్రోగ్రామే బయాస్. బూటు పట్టెలను పట్టుకొని తన్ను తానే పైకెత్తుకొన్నట్లు యంత్రము లేచుచున్నది గనుక ఈ క్రియకు ఆంగ్లమున బూట్ అను పేరు వచ్చినది.

బయాస్ తన యింటిని తాను పరీక్షించుకొనును. ర్యాము ఉన్నదా? తెరకు బొమ్మ పంపు భాగము పలుకుచున్నదా? కీబోర్డు కలదా? అంతయు బాగున్నచో సాధారణముగా ఒక చిన్న కూత వేయును. పిదప డిస్కులోని మొట్టమొదటి 512 బైట్ల ముక్కను చదివి, దానికి పెత్తనమప్పగించి తాను తప్పుకొనును. ఆ ముక్క తరువాతి ముక్కను, అది నిర్వహణ వ్యవస్థను పిలుచును. ఇది చేతినుండి చేతికి దివిటీ అందించు పరుగు వంటిది. దివిటీ ఎవరి చేతిలో ఆరినదో తెలిసికొనుటయే మన పని.

ఆరంభ క్షణమే గండమగుట ఈనాటి విషయము కాదు. అమెరికాలో 1945లో పూర్తియై 1946లో లోకమునకు వెల్లడియైన ఎనియాక్ అను కంప్యూటరులో సుమారు 18,000 శూన్యనాళికలు ఉండెను. అవి ఎక్కువగా మాడిపోవుచుండినది యంత్రమును ఆర్పి వెలిగించు సమయములందే. చల్లని తీగ ఒక్కసారిగా వేడెక్కి వ్యాకోచించుటయే దీనికి కారణము. అందుచేత వీలైనంతవరకు దానిని ఆర్పకుండుటయే మేలని నిర్వాహకులు గ్రహించిరి. ఇంటిలోని పాత ఫిలమెంటు బల్బు కూడ స్విచ్చి వేసిన క్షణముననే టప్పున పోవుట మన మెరిగినదే.

ఇక పరీక్షకు దిగుదము. బటను నొక్కినచో దీపము లేదు, ఫ్యాను తిరుగదు, చప్పుడు లేదు. దివిటీ మొదటి చేతిలోనే ఆరినదన్నమాట. ఇట్టిచోట రైతు చేసినట్లే చేయవలెను. అదే ప్లగ్గులో మొబైలు చార్జరును పెట్టి చూడుడు. తరువాత యు.పి.ఎస్.ను అనుమానింపుడు. పాఠశాలలలో "కాలిపోయిన" కంప్యూటరులలో కొన్నింటికి ఏ జబ్బును ఉండదు. వాటి ముందున్న యు.పి.ఎస్.లోని బ్యాటరీ చచ్చియుండును. ఈ సీసపు బ్యాటరీకి చల్లని గదిలో మూడు నుండి ఐదేండ్ల ఆయువు; ఎండకు ఇంకను తక్కువ. బ్యాటరీ పూర్తిగా చచ్చినచో కొన్ని రకముల యు.పి.ఎస్.లు గోడ విద్యుత్తు ఉన్నను తెరచుకొనవు. కావున యు.పి.ఎస్.ను తప్పించి కంప్యూటరును నేరుగా గోడకు తగిలించి చూచుట మొదటి పరీక్ష కావలెను. ఖర్చు లేని పరీక్ష.

పాత ఎస్.ఎం.పి.ఎస్.లకు వెనుకవైపున ఎర్రని జారుడు స్విచ్చి యొకటి ఉండును. దానిపై 115 అనియు 230 అనియు అంకెలుండును. మన దేశమునకు 230 సరియైనది. దుమ్ము తుడుచునప్పుడు పిల్లల వ్రేలు తగిలి ఇది 115 వైపునకు జరిగినచో, స్విచ్చి వేసిన తోడనే పెద్ద చప్పుడుతో డబ్బా పేలిపోవును. కాబట్టి ప్లగ్గు పెట్టకముందే ఈ అంకెను చూడుడు.

పెట్టెను ముట్టుకొన్నప్పుడు వ్రేళ్ళు జివ్వుమనుట చాలమందికి అనుభవమే. "కొద్దిగా కరెంటు వచ్చుచున్నది, ఫరవాలేదు" అని ఊరకుందురు. దీని కారణము భౌతికశాస్త్ర తరగతిలో చెప్పదగినది. ఎస్.ఎం.పి.ఎస్. ముఖద్వారమున ఫేజు నుండి ఒకటి, న్యూట్రల్ నుండి ఒకటి, రెండు సమానమైన చిన్న కండెన్సర్లు పెట్టె లోహమునకు కలిపియుండును. విద్యుత్తులోని రొదను భూమిలోనికి పంపుట వాటి పని. ఎర్తు తీగ సరిగానున్నచో అది జరుగును. ఎర్తు లేనిచో, సమానమైన రెండు కండెన్సర్ల నడుమ చిక్కుకొన్న లోహము సరిగా సగము వోల్టేజీకి, అనగా దాదాపు 115 వోల్టులకు చేరును. కండెన్సర్లు చిన్నవి గనుక ప్రవాహము స్వల్పము. అందుకే జివ్వుమనును గాని పడగొట్టదు. అయినను ఇది భవనమునకు ఎర్తు లేదని యంత్రము చేయు ఫిర్యాదు. లోపల నిజముగా ఫేజు తీగ పెట్టెకు తగిలిననాడు అదే లోపము ప్రాణాంతకమగును. కంప్యూటరు సంగతి తరువాత. ముందుగా ఎలక్ట్రీషియనును పిలిపించి ఎర్తింగు చేయింపవలెను.

గోడ, యు.పి.ఎస్., తీగ అన్నియు సరిగానున్నను పెట్టె పలుకనిచో బటనునే అనుమానింపవచ్చును. దీనికొక చక్కని చిట్కా కలదు. ముందువైపున రీసెట్ అను రెండవ బటను ఉన్నచో, మదర్‌బోర్డు అంచున పవరు బటను తీగ తగిలించియున్న రెండు సూదులకు రీసెట్ తీగను తగిలించి నొక్కి చూడుడు. యంత్రము లేచినచో చెడినది రెండు రూపాయల స్విచ్చి మాత్రమే.

అప్పటికిని లేవనిచో ఎస్.ఎం.పి.ఎస్.ను పరీక్షింపవలెను. ఈ పని ఉపాధ్యాయుడే చేయవలెను. డబ్బాను మాత్రము ఆయన కూడ విప్పరాదు. 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తు శిఖర విలువ సుమారు 325 వోల్టులు. డబ్బాలోని పెద్ద కండెన్సరు ఆ వోల్టేజీతో నిండియుండును. ప్లగ్గు తీసిన తరువాత కూడ కొంతసేపు దానిని దాచుకొనియుండును. పరీక్షను బయటినుండియే చేయవచ్చును. ప్లగ్గు తీసి, మదర్‌బోర్డు నుండి 20 లేక 24 రంధ్రముల పెద్ద కనెక్టరును ఊడదీయవలెను. అందులో ఆకుపచ్చ తీగ ఒక్కటే ఉండును. దాని రంధ్రమును ఏదైన ఒక నల్ల తీగ రంధ్రముతో చిన్న తీగముక్క ద్వారా కలిపి, ఆ పిదప ప్లగ్గు పెట్టి స్విచ్చి వేసినచో డబ్బా ఫ్యాను తిరుగవలెను. తిరుగుచున్నచో మల్టీమీటరుతో నల్ల తీగకును, పసుపు తీగకును నడుమ 12 వోల్టులు, ఎరుపునకు 5, నారింజకు 3.3 చూపవలెను. ఇటు నటు నూటికి ఐదు పాళ్ళ తేడా ఉండవచ్చును. 12 ఉండవలసినచోట 11 మాత్రమే చూపినచో ఆ డబ్బా రోగిష్ఠిదే. ఫ్యాను తిరిగినంత మాత్రమున డబ్బా బాగున్నదనుకొనుట పలువురు చేయు పొరపాటు.

ఈ డబ్బాలును, మదర్‌బోర్డులును మన ప్రాంతములో ఏల చెడునో చెప్పుటకు కండెన్సరు కథ చెప్పవలెను. ఇంటి పంకా తిరుగుట మందగించినప్పుడు మెకానిక్కు మొదట మార్చునది కండెన్సరునే గదా. కంప్యూటరులో వాడునది వేరు జాతి. అల్యూమినియం రేకుల నడుమ ద్రవముతో తడిసిన కాగితమును చుట్టి చిన్న గొట్టములో మూసియుంతురు. ఈ ద్రవము ఏండ్ల తరబడి మెల్లగా ఆవిరియై పోవుచుండును. వేడి పెరిగినకొలది వేగముగా పోవును. పది డిగ్రీలు పెరిగిన ఆయువు సగమగునని ఇంజనీర్ల లెక్క. 105 డిగ్రీలవద్ద 2,000 గంటలు పనిచేయునని వ్రాసియున్న కండెన్సరును తీసికొందము. 65 డిగ్రీలవద్ద నడచినచో దాని ఆయువు నాలుగుసార్లు రెట్టింపై 32,000 గంటలగును. దినమునకు 8 గంటలు, ఏటికి 250 దినములు నడిచిన కార్యాలయములో అది 16 ఏండ్లు. అదే కండెన్సరు 85 డిగ్రీలలో నడచినచో 8,000 గంటలు. అనగా నాలుగే ఏండ్లు.

ఇరువది డిగ్రీల తేడా ఎక్కడినుండి వచ్చును? మే నెలలో రామగుండము, మంచిర్యాల వైపు ఎండ 45 డిగ్రీలు దాటు దినములుండును. రేకుల కప్పు గల గదిలో అంతకన్న ఎక్కువ. దీనికి తోడు దుమ్ము. బొగ్గు గనుల ఊళ్ళలో నల్లనిది, సిమెంటు కర్మాగారముల వైపు బూడిదరంగుది. ఆదిలాబాదులోనైతే పత్తి ఋతువు వచ్చినదనిన జిన్నింగు మిల్లుల చుట్టుపట్ల గాలిలోనే నూగు తేలుచుండును. ఫ్యాను ఆ గాలిని పీల్చి, ప్రాసెసరు మీది అల్యూమినియం రెక్కల నడుమ నూగును నేసినట్లు పరచును. పెట్టె విప్పి చూచినచో పలుచని దుప్పటి కప్పినట్లు కనబడును. దుప్పటి కప్పుకొన్నవానికి చెమట పట్టక మానునా? ప్రాసెసరు హద్దుమీరి వేడెక్కినచో తన్ను తాను కాపాడుకొనుటకు యంత్రమును ఆర్పివేయును. బటను నొక్కగా లేచి, కొన్ని క్షణములకో నిమిషములకో ఆరిపోవు యంత్రము చాలమట్టుకు ఇట్టిదే. వరండాలోనికి తెచ్చి, మెత్తని కుంచెతోను, గాలి ఊదు పరికరముతోను నూగు తీసివేయుడు. ఊదునప్పుడు ఫ్యానును వ్రేలితో పట్టుకొనవలెను. గాలికి వేగముగా తిరిగిన చిన్న ఫ్యాను జనరేటరువలె వోల్టేజీ పుట్టించి బోర్డునకు హాని చేయవచ్చును. ప్రాసెసరునకును రెక్కలకును నడుమనుండు తెల్లని లేపనము ఎండి పిండియైనచో తుడిచి కొత్తది పలుచగా పూయవలెను.

చెడిన కండెన్సరును కంటితోనే గుర్తింపవచ్చును. మదర్‌బోర్డుపై నిలువుగా నిలిచిన గొట్టముల నెత్తిపై గీట్లు చెక్కియుండును. అవి చదునుగా నుండవలెను. పూరీవలె ఉబ్బినను, నెత్తిపై గోధుమరంగు పొలుసు కట్టినను అది పోయినదే. సుమారు 2000 నుండి 2007 వరకు తయారైన మదర్‌బోర్డులలో ఈ వ్యాధి లోకమంతట వ్యాపించినది. లోపమున్న ద్రవమును నింపుటవలన కండెన్సర్లు అకాలముగా ఉబ్బిపోయినవి. టంకము వేయు పని తెలిసిన టీవీ మెకానిక్కు వీటిని మార్చగలడు. సూక్ష్మఫారడుల విలువ అదే ఉండవలెను. వోల్టేజీ అంతయో అంతకెక్కువయో ఉండవచ్చును. 105 డిగ్రీల రకమే కావలెను. గీత గల వైపు ఋణధ్రువమని మరువరాదు.

ఇక్కడ ఆదిలాబాదువారు గమనించు ఒక వింత యున్నది. వేడివలన చెడిన కండెన్సరు తన రోగమును చలిలో బయటపెట్టును! అక్కడ డిసెంబరు, జనవరి నెలలలో ఐదు డిగ్రీల వరకు దిగు రాత్రులు కలవు. అట్టి ఉదయమున బటను నొక్కిన ఫ్యాను ఒకసారి కదలి ఆగును. మరల నొక్కిన మరల అంతే. ఐదారుసార్లు నొక్కగా, లేక పొద్దెక్కిన తరువాత, ఏమియు జరుగనట్లు లేచును. దీనిని కొందరు యంత్రము అలుగుట అందురు. కారణము సులభము. చలికి కండెన్సరులోని ద్రవము చిక్కబడి దాని లోపలి నిరోధము పెరుగును. కొత్త కండెన్సరునకు ఇది లెక్కలోనిది కాదు. సగము ఎండినదానికి అసలే నిరోధమెక్కువ. చలి తోడుకాగా వోల్టేజీని నిలకడగా నుంచలేదు. "అంతయు సరిగానున్నది" అను సంకేతము రాదు; ప్రాసెసరు కదలదు. పదేపదే నొక్కుటవలన కండెన్సరు కొద్దిగా వేడెక్కి పని జరుగును. ఇట్లు లేచిన యంత్రమును చూచి సంతోషించి ఊరకుండరాదు. మరుసటి చలికాలమునకు అది ఎన్నిసార్లు నొక్కినను లేవదు. ఇప్పుడే మార్చినచో ఖర్చు కొన్ని రూపాయలు.

ఇప్పుడు రెండవ రకపు రోగిని చూతము. దీపము వెలుగును, ఫ్యాన్లు తిరుగును, తెర మాత్రము నల్లగా నుండును. మొదట తెరనే పరీక్షింపుడు: దానిని వేరొక యంత్రమునకు తగిలించి చూచిన సరి. తెర బాగున్నచో ర్యామును చూడవలెను. ర్యాము అంచున బంగారు పూత గల పలుచని రేకులు వరుసగా నుండును. వానాకాలపు తేమకు, దుమ్మునకు వాటిపైనను గాడిలోనను కనబడని పొర ఏర్పడి స్పర్శ తప్పును. ప్లగ్గు తీసి, ర్యామును ఊడదీసి, పెన్సిలు రబ్బరుతో ఆ రేకులను మెల్లగా రుద్ది, పొడిగుడ్డతో తుడిచి, రెండు ప్రక్కల పట్లు టక్కుమనువరకు నొక్కి తిరిగి అమర్చవలెను. మూలబడిన యంత్రములలో ఎన్నో ఈ ఒక్క పనితో లేచును. నమ్మని వారు చేసి చూడవచ్చును.

ర్యామును ముట్టుకొనుటకు ముందు పెట్టె లోహమును చేతితో తాకుడు. పొడి చలికాలములో పాలియెస్టరు బట్టలు ధరించినవారి ఒంటిపై వేలకొలది వోల్టుల స్థిరవిద్యుత్తు చేరుచుండును. సుమారు మూడువేల వోల్టులు దాటినగాని మనకు చురుకు తెలియదు; చిప్పు చచ్చుటకు అంతకన్న చాల తక్కువ చాలును.

అప్పటికిని తెర వెలుగనిచో మంచి ప్రయోగము ఒకటి ఉన్నది. ర్యామునంతటిని తీసివేసి, ఖాళీ గాళ్ళతో యంత్రమును వెలిగింపుడు. పెట్టెలో చిన్న స్పీకరు ఉన్నచో అది బిగ్గరగా, పదేపదే కూయవలెను. కూసినచో శుభము! బయాస్ పనిచేయుచున్నది, ప్రాసెసరు ఆలోచించుచున్నది, ఎస్.ఎం.పి.ఎస్. తగినంత బాగున్నది; ర్యాము లేదని గుర్తింపగలిగినది గదా. ఫిర్యాదు చేయగల యంత్రము బ్రతికియున్న యంత్రమే. లోపము ర్యాములోనో, తెరకు బొమ్మ పంపు భాగములోనో కలదు. స్పీకరు ఉండియు కూయనిచో అనుమానము బోర్డు మీదికి, ప్రాసెసరు మీదికి పోవును. కూతల భాష తయారీదారును బట్టి మారును గనుక ఎన్ని కూతలకు ఏమి యర్థమో బోర్డు పుస్తకములో చూడవలెను.

మూడవ రకపు యంత్రము తెరపై మాటలాడును గాని ముందుకు పోదు. తేదీ తప్పనియు, ఒక మీట నొక్కుమనియు అడుగును. ఇది రోగము కానేకాదు. బోర్డుపై పాత ఐదు రూపాయల బిళ్ళకన్న కొంచెము చిన్నదైన లిథియము బ్యాటరీ యుండును, సి.ఆర్. 2032 దాని పేరు, 3 వోల్టులు దాని బలము. ప్లగ్గు పెట్టియున్నంతకాలము గడియారమును కావలివాని 5 వోల్టులు నడపును. ప్లగ్గు తీసిన తరువాత ఈ బిళ్ళయే నడపవలెను. వేసవి సెలవులకు తీగలన్నియు ఊడదీసి పోవు బడిలో బిళ్ళ త్వరగా అరుగుటకు ఇదియే కారణము. అది అరిగినచో యంత్రము కాలము మరచి చాలసార్లు తన బయాస్ తయారైన ఏటికే తిరిగిపోవును. తెరపై కనబడు ఆ సంవత్సరమును చూచి యంత్రము వయస్సును పిల్లలు ఊహింపవచ్చును. బిళ్ళ మార్చి, తేదీ దిద్ది, ఏ డిస్కునుండి మేల్కొనవలెనో బయాస్‌లో తిరిగి చెప్పినచో సరిపోవును.

డిస్కు కనబడలేదని తెరపై వచ్చినచో మొదట యంత్రమునకు ఎవరైన పెన్‌డ్రైవు పెట్టి మరచిరేమో చూడుడు. బయాస్ దానిలో వెదకి విసిగియుండవచ్చును. పిదప డిస్కు తీగలను ఊడదీసి గట్టిగా అమర్పుడు. డిస్కు టక్కు టక్కుమని ఒకే లయలో చప్పుడు చేయుచున్నచో మాత్రము మరల మరల వెలిగింపరాదు. ప్రతి ప్రయత్నమును లోపలి పళ్ళెమును గీకుచుండవచ్చును. అందులో మార్కుల జాబితాలో, మరెక్కడను లేని ఫోటోలో ఉన్నచో వెంటనే ఆపి తెలిసినవారికి అప్పగింపవలెను.

బడిలో ఒకే రకపు యంత్రములు రెండు మూడు ఉండుట పెద్ద భాగ్యము. పట్టణపు మెకానిక్కునకు కూడ అట్టి సదుపాయముండదు. బాగున్న పెట్టెలోని భాగమును చెడిన పెట్టెలో పెట్టియు, చెడిన దానిలోనిది బాగున్న దానిలో పెట్టియు దోషమును పట్టవచ్చును. ఒకసారికి ఒకే మార్పు చేయవలెను; రెండు మార్చినచో ఏది కారణమో తెలియదు. ప్రయోగశాలలో లోలకపు పొడవును, బరువును ఒకేసారి మార్చి ఏమి నేర్చుకొందుము? ఒక్క జాగ్రత్త: అనుమానమున్న ర్యామును మంచి యంత్రములో పెట్టుట క్షేమమే గాని, అనుమానమున్న ఎస్.ఎం.పి.ఎస్.ను పెట్టరాదు. అది తప్పు వోల్టేజీ పంపినచో మంచి యంత్రమును కూడ చంపును. ఈ విధముగా రెండు మృతులనుండి ఒక జీవిని లేపుట తరచుగా సాధ్యము. మిగిలిన బోర్డులను రాగి కొరకు కాల్చరాదు. టంకములో సీసమున్నది, పాత గాజు తెరలలో ఇంకను ఎక్కువ. అనుమతి గల సేకరణదారులకే ఈయవలెను.

లేచిన యంత్రములో విండోస్ ఎక్స్‌పి ఉన్నచో దానికి 2014 ఏప్రిలు 8 నుండి రక్షణ నవీకరణలు ఆగిపోయినవని తెలిసికొని ఇంటర్నెట్టునకు తగిలింపకుండుట మంచిది. తేలికపాటి లినక్సు వేసికొనుట అంతకన్న మంచిది.

మరమ్మతు ముగిసిన వెంటనే తృప్తిపడరాదు. యంత్రమును రెండు గంటలు నడిపి చూడుడు. అది వేడికి పరీక్ష. పిదప ఆర్పి, ప్లగ్గు తీసి, రాత్రంతయు వదలి, మరునాడు ప్రొద్దున తరగతులకు ముందు ఒకే ఒక్కసారి బటను నొక్కుడు. చలికాలమైనచో మరియు మంచిది. ఆ ఒక్క నొక్కునకు లేచినచో, ఏమి మార్చితిరో, ఏ తేదీన మార్చితిరో, పసుపు తీగపై మీటరు ఎంత చూపినదో కాగితముపై వ్రాసి పెట్టె ప్రక్కన అంటించి పిల్లలకు అప్పగింపుడు.